ఎవరెక్కడున్నారు, ఎవరింట్లో ఎవరున్నారు

(1993–97లో కాకినాడ జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన బ్యాచ్ 2025 డిసెంబరులో కాకినాడలో కలిసినప్పుడు, కరెంటు ఆఫీసులో పనిచేసే ఒక క్లాస్‌మేట్ మాట్లాడిన మాటలు)

మాస్టార్లకు నమస్కారం. మిగతావాళ్లకు వేరే పెట్టక్కర్లేదు, పొద్దున పెసరట్టు ఉప్మా దగ్గరే అందరం పలకరించేసుకున్నాం. ఎవరికి జుట్టు ఊడింది, ఎవరు ఉప్మా పక్కకి నెట్టేసి ఒట్టి పెసరట్టు తిన్నారు, ఎవరు జేబులోంచి షుగరు మాత్ర తీశారు, అన్నీ చూశాను.

నాకిచ్చిన అంశం "మన బ్యాచ్ కెరీర్లు, కుటుంబాలు: ఒక సమీక్ష" అట. సమీక్ష అనే మాట ఎవరికి తట్టిందో గాని, సోమవారం సోమవారం మా పై ఆఫీసరు, ఎస్ఈ గారు పెట్టేది అదే. దానికి వెళ్లేటప్పుడు నాకు కడుపులో నొప్పొస్తుంది. కాబట్టి సమీక్ష చెయ్యను. కబుర్లు చెప్తాను. ఎవరి పేరూ చెప్పను, జీతాలు అసలే చెప్పను. మీ గురించేనని మీకు తెలిసిపోతే ముందుకి చూస్తూ కూర్చోండి, పక్కవాళ్లకి తెలీదు.

ఈ పని నాకెందుకు తగిలిందంటే నేను ఎక్కడికీ వెళ్లలేదు. రాజమండ్రి, కాకినాడ, విశాఖ, మళ్లీ కాకినాడ. ఈ జిల్లాల్లో ఉన్నవాళ్లకి మీ అమ్మానాన్నలు కనిపిస్తారు, మీ చుట్టాలు తగులుతారు, మీ ఇంటి మీటరు కూడా కనిపిస్తుంది. మీరు గ్రూపులో పెట్టే కబురొకటి, మీ వీధిలో నాకు తెలిసే కబురొకటి. రెండూ ఎప్పుడూ ఒకటి కావు.

పొద్దున్నుంచి టీల దగ్గర ఒకటే వింటున్నాను. వాడు ఎంత పైకొచ్చాడో చూడు, వీడికి అన్ని మార్కులొచ్చి ఏం లాభం, పాపం అక్కడే ఉండిపోయాడు. నా లెక్క వేరు. మన బ్యాచ్‌లో చాలామంది జాతకం రాసింది బ్రహ్మ కాదు, తేదీలు.

మనం బయటికొచ్చింది 1997లో. ఆ మర్నాటి ఏడాదే హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. ప్రపంచమంతా 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఆగిపోతాయని టెన్షన్ పడుతోంది. సివిల్ వాడు, మెకానికల్ వాడు, చివరికి వెల్డింగ్ ల్యాబ్ తప్ప వేరే ల్యాబ్ మొహం చూడనివాడు కూడా అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల గది తీసుకుని, ఆ పాత ప్రోగ్రాములు దిద్దడానికి కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాడు. అక్కడ ఉద్యోగం చేసుకోవడానికిచ్చే హెచ్‌1బి వీసాలకి అప్పటిదాకా ఏడాదికి 65,000 ఉన్న పరిమితిని 1999 ఆర్థిక సంవత్సరానికి అమెరికావాళ్లు 1,15,000 చేశారు. 2001కి 1,95,000. 2004 వచ్చేసరికి మళ్లీ 65,000. మన చదువు అయిపోవడానికీ ఆ తలుపు తెరుచుకోవడానికీ సరిగ్గా ముడిపడింది. నాలుగేళ్లు ముందు పుట్టినా, నాలుగేళ్లు వెనక పుట్టినా ఈ హాల్లో సగం మంది వేరే ఊళ్లలో ఉండేవాళ్లు. అది మన తెలివి అని మన పిల్లలకి చెప్పుకుంటున్నాం, చెప్పుకుంటే చెప్పుకుందాం, కానీ మనలో మనకి ఎందుకు?

ఒకే గదిలో ఉన్న ఇద్దరి సంగతి చెప్తాను. ఒకడు 1999లో వెళ్లాడు. రెండోవాడికి చెల్లెలి పెళ్లి ఉంది, అప్పు ఉంది, అవన్నీ తీర్చి 2006లో వెళ్లాడు. మార్కులు రెండోవాడివే ఎక్కువ. మొదటివాడు అక్కడి పౌరుడైపోయి, ఇప్పుడు ఇక్కడికి రావాలంటే, విదేశీ పౌరులైన మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు పట్టుకొస్తాడు. రెండోవాడు ఇప్పటికీ గ్రీన్‌కార్డు వరసలోనే నిలబడ్డాడు. ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా ఏడు శాతమే అని అక్కడి చట్టం, మనవాళ్లేమో లక్షల్లో ఉన్నారు. వాడి కూతురు రెండేళ్ల పిల్లగా వెళ్లి అక్కడే బడి, కాలేజీ చదివింది. 21 నిండేసరికి నాన్న వీసా మీద ఉండటానికి వీల్లేదన్నారు. తను పెరిగిన ఊళ్లోనే ఆ పిల్ల ఇప్పుడు పరాయి దేశపు స్టూడెంటుగా వీసా మీద ఉంది. మొన్న సెప్టెంబరులో హెచ్‌1బికి లక్ష డాలర్ల ఫీజు అని ట్రంప్ సంతకం పెట్టినప్పుడు వాడు ఇక్కడే ఉన్నాడు, వాళ్ల నాన్నగారి సంవత్సరీకానికి వచ్చాడు. అది కొత్త దరఖాస్తులకేనని తేలేలోపు వాడు టిక్కెట్టు మార్చుకుని విమానం ఎక్కేశాడు. భోక్తలు ఇంకా విస్తరి దగ్గరే ఉన్నారు.

అమెరికాయే అక్కర్లేదు. ఇక్కడే, ఇద్దరు సివిల్ వాళ్లు. ఇద్దరికీ సర్కారు ఉద్యోగమే. ఒకడు 2004 ఆగస్టులో చేరాడు. రెండోవాడి సర్టిఫికెట్ ఏదో వెరిఫికేషన్‌లో ఆగి అక్టోబరులో చేరాడు. మధ్యలో సెప్టెంబరు 1 ఉంది కదండీ. ఆ రోజు నుంచి చేరినవాళ్లకి పాత పెన్షన్ లేదు, సీపీఎస్, అంటే జీతంలోంచి కోసి దాచే పెన్షన్ పథకం. ఒక కాగితం టేబుల్ మీద కదలనందుకు ఒక జీవితకాలం పెన్షన్ తేడా. తర్వాత రాష్ట్రం రెండయ్యాక అదింకో వేడుక. ఆంధ్రాలో ప్రభుత్వ ఉద్యోగి రిటైరయ్యేది 62కి, తెలంగాణలో 61కి. పెన్షన్ ఉన్నవాడు హైదరాబాద్‌లో పడ్డాడు, లేనివాడు విజయవాడలో పడ్డాడు. "నీకు ఏడాది జీతం ఎక్కువ", "నీకు చచ్చేదాకా పెన్షన్" అని ఇద్దరూ ఫోన్లో కొట్టుకుంటారు. మధ్యవర్తిని నేను.

అందరికంటే నాకు ఎక్కువ గుర్తొచ్చేది కోనసీమ కుర్రాడు. వచ్చాడు, వెనక వరసలో ఉన్నాడు. 1996 నవంబరు 6 తుఫాను మీకందరికీ గుర్తుండే ఉంటుంది, ఫైనలియర్. పొద్దున్నుంచి ముసురు, సాయంత్రం నుంచి గాలి. మా హాస్టల్లో కిటికీ రెక్కలు ఊడిపోకుండా చున్నీలతో కట్టి రాత్రంతా పట్టుకు కూర్చున్నాం. తెల్లారి చూస్తే కరెంటు స్తంభాలు నడుములు వంగి ఉన్నాయి. వెయ్యిమందికి పైగా పోయారని తర్వాత తెలిసింది. ఆ కుర్రాడు రెండు రోజులు నడిచీ, పడవెక్కీ ఊరు చేరాడు. వాళ్లది ఐదెకరాల కొబ్బరి తోట. వాళ్ల నాన్నగారు పడిపోయిన చెట్లు లెక్కపెడదామని తోటలోకి వెళ్లి, నిలబడ్డవాటిని లెక్కపెట్టుకుని బయటికొచ్చారట, అదే తేలికని. దేశవాళీ కొబ్బరి మళ్లీ వేస్తే కాపుకి రావడానికి ఆరేడేళ్లు. ఇంట్లో ఇద్దరు తమ్ముళ్లు. ఎం.టెక్ సీటు కోసం గేట్‌కి దరఖాస్తు పెట్టినవాడు పరీక్షకి వెళ్లలేదు. వచ్చిన మొదటి ఉద్యోగం పట్టుకుని గుజరాత్ వెళ్లిపోయాడు. కెమికల్ ఫ్యాక్టరీలో షిఫ్టు ఇంజనీరుగా మొదలుపెట్టాడు, ఇప్పుడు అక్కడే ప్లాంటు చూస్తున్నాడు. తమ్ముళ్లిద్దరూ స్థిరపడ్డారు. తోట కాసింది. వాడు ఎం.టెక్ చేసుంటే ఏమయ్యేవాడో మన ప్రొఫెసర్ గారు ఇందాక నాతో అన్నారు. నేను ఆ లెక్కలోకి వెళ్లదలచుకోలేదు.

ఇప్పుడు ఆడపిల్లల సంగతి. యాభై వచ్చినా మనం ఆడపిల్లలమే, బ్యాచ్‌లో. ఒకటి గమనించారా? కాలేజీలో మమ్మల్ని "ఏవండీ" అని పిలిచి, రికార్డు అడగడానికి కూడా ముగ్గురు కలిసి వచ్చిన మగపిల్లలు ఇప్పుడు "ఏమే, ఎలా ఉన్నావే" అంటున్నారు. బాగుంది. కానీ ఈ రోజుకోసం అందరినీ వెతకడం మొదలుపెడితే మగపిల్లలు నెల్లాళ్లలో దొరికిపోయారు. ఆడపిల్లలు దొరకలేదు. ఇంటిపేరు మారిపోయింది, కొందరికి పెళ్లిలో అసలు పేరే మార్చేశారు. కాలేజీ రిజిస్టర్లో ఉన్న పేరుతో ఈ భూమ్మీద ఎవరూ లేరు. ఒకమ్మాయిని వాళ్ల ఊళ్లో రేషన్ డీలరు ద్వారా పట్టుకున్నాం. వాళ్ల నాన్నగారి పేరు చెబితే "వాళ్లమ్మాయి నూజివీడులో ఉందండీ" అని చెప్పాడు.

ఈసీఈలో ఎప్పుడూ మొదటి ముగ్గురిలో ఉండే అమ్మాయి 2004లో పెళ్లై న్యూజెర్సీ వెళ్లింది. హెచ్‌1బి వాళ్ల భార్యలకిచ్చే హెచ్‌4 మీద వెళ్లింది. ఆ వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు. పదకొండేళ్లు చెయ్యలేదు. 2015 మేలో, గ్రీన్‌కార్డు వరసలో ఉన్నవాళ్ల భార్యలు పని చేసుకోవచ్చని అనుమతి ఇచ్చారు. అప్పటికి ఆమెకి నలభై దగ్గర, ఇద్దరు పిల్లలు, చదివిన చదువు మ్యూజియంలోకి పోయింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుని, తనకంటే పదిహేనేళ్ల చిన్నవాడి కింద చేరింది. ఇవాళ్టికీ అదే చేస్తోంది, బాగానే చేస్తోంది. మన గ్రూపులో మాత్రం పదకొండేళ్లు ఆమె పేరు పక్కన "హౌస్‌వైఫ్" అని రాసుకున్నాం. నేను ఉద్యోగం నిలుపుకున్నది నా గొప్ప కాదు. మా అత్తగారు "తుఫాను డ్యూటీకి వెళ్లు, పిల్లాడు నా దగ్గర ఉంటాడు" అన్నారు. ఆవిడ అనకపోతే నా పేరు పక్కన కూడా అదే ఉండేది.

హైదరాబాద్ సంగతి రెండు ముక్కలు. యాభై దగ్గర పడుతుంటే ఐటీలో మనవాళ్లకి భయం పట్టుకుంది. జీతం పెద్దది, కోడ్ రాసి చాలాకాలమైంది, కింద పనిచేసే టీము సగమైంది. ఒకడిని పిలిచి మీరే రిజైన్ చెయ్యండి అన్నారు. వాడు గ్రూపులో "కొన్నాళ్లు బ్రేక్ తీసుకుంటున్నాను" అని పెట్టాడు. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఎంజాయ్ అన్నారు. వాడికి కోకాపేటలో ఫ్లాటు ఈఎంఐ ఉంది, టెక్సాస్‌లో కొడుకు ఫీజు ఉంది, ఏం ఎంజాయ్? బొమ్మ పెట్టకుండా ఫోన్ చేసినవాడు ఒక్కడు. తన చిన్న కంపెనీలో వారానికి మూడు రోజుల పని ఇప్పించాడు. ఆ ఫోన్ చేసినవాడు మనం ఇందాక "పాపం, అక్కడే ఉండిపోయాడు" అన్నవాడే.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. నేనప్పుడు రాజమండ్రి వైపు పనిచేస్తున్నాను. లైన్ల పనికి మా గ్యాంగుల్ని విశాఖ పంపిస్తే నేనూ వెళ్లాను. బయల్దేరేలోపు ఫోను మోగుతూనే ఉంది. డల్లాస్, సింగపూర్, బెంగళూరు. విశాఖలో సెల్ టవర్లు పోయాయి, అమ్మ ఫోన్ ఎత్తట్లేదు, ఒక్కసారి చూడవే. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, గోపాలపట్నం. మెటీరియల్ పుస్తకం వెనక పేజీల్లో అడ్రసులు రాసుకున్నాను. తమాషా ఏంటంటే చాలామందికి సొంత ఇంటి డోర్ నంబరు గుర్తులేదు. "రామాలయం పక్క సందు, మామిడిచెట్టున్న ఇల్లు" అన్నాడొకడు. ఆ రోజు విశాఖలో చెట్టు నిలబడి ఉంటే కదా.

ఒక ఇంటికి మా లైన్‌మన్‌ని పంపాను. మూడో అంతస్తు. లిఫ్టు లేదు, కరెంటు లేక మోటారు లేదు, మోటారు లేక నీళ్లు లేవు. వాచ్‌మన్ వాళ్ల ఊరు వెళ్లిపోయాడు. ఒక్కత్తే ముసలావిడ. మోకాళ్లకి ఆపరేషన్ అయి ఆర్నెల్లు, మెట్లు దిగలేదు. కిటికీ అద్దం పగిలి గదిలోకి వాన కొడితే మంచం వంటింట్లోకి లాక్కుందట. ఎలా లాక్కుందో మరి. ఇతను రెండు బిందెల నీళ్లు పైకి మోసి, పక్క వీధిలో దొరికిన బ్రెడ్డు ఇచ్చి, "అమ్మా, మీ అబ్బాయిగారు కనుక్కోమన్నారు" అన్నాడు. ఆవిడ అన్న మొదటి మాట, "నేను బాగున్నానని చెప్పు బాబూ, వాడు కంగారు మనిషి." ఆ కొడుకు ముందురోజే గ్రూపులో పెట్టాడు, అమ్మకి ఏం ఇబ్బంది లేదు, వాచ్‌మన్ ఉన్నాడు అని. వాడు అబద్ధం చెప్పలేదు. వాడికి అమ్మ చెప్పింది అదే.

మనకి ఒకరి హోదాలు ఒకరికి తెలుసు. ఎవడు డైరెక్టరో, ఎవడు సీనియర్ డైరెక్టరో తెలుసు. వాళ్ల ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారో తెలీదు.

2021 మేలో, కరోనాలో మళ్లీ అదే. ఆక్సిజన్ బెడ్డు కోసం రాత్రిళ్లు మనం చేసిన ఫోన్లు అందరికీ గుర్తే. మనవాడొకడు దక్కలేదు. పోయిన తర్వాత వాళ్లావిడకి జరిగింది మాత్రం మీలో కొద్దిమందికే తెలుసు. అతను ఉద్యోగంలో చేరినప్పుడు పీఎఫ్ నామినీ అని వాళ్లమ్మగారి పేరు రాశాడు. అప్పుడు పెళ్లి కాలేదు, అమ్మ పేరు కాక ఎవరి పేరు రాస్తాడు? పెళ్లికి ముందు రాసిన పీఎఫ్ నామినేషన్ పెళ్లయితే చెల్లదు, మళ్లీ రాయాలి. ఇతను రాయలేదు. అమ్మగారు ఇతని కంటే ముందే కాలం చేశారు. తహసీల్దార్ ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం తిరిగి, దాంట్లో ఒక అక్షరం తప్పు పడితే మళ్లీ తిరిగి, డబ్బు చేతికొచ్చేసరికి ఏడాది దాటింది. పీఎఫ్‌తో పాటు ఈడీఎల్ఐ అని ఒక బీమా ఉంటుందనీ, ఉద్యోగంలో ఉండగా పోతే ఇంట్లోవాళ్లకి ఏడు లక్షల వరకు వస్తుందనీ ఆవిడకి తెలీదు. ఆమాటకొస్తే ఈ హాల్లో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూశారా.

ఆ కాగితాల వెనక తిరిగింది మన క్లాస్ వాళ్లే, ఇద్దరు. వాళ్లు చెప్పాక నేను ఓ పదిమందికి ఫోన్ చేసి నీ నామినీ ఎవర్రా అని అడిగాను. సగం మందివి అమ్మ పేర్లే. ఒకడిది ఏకంగా అన్నయ్య, ఆ అన్నయ్యతో వాడికి మాటల్లేవు. బ్యాంకుల్లో ఈ నవంబరు 1 నుంచి ఒక ఖాతాకి నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే గాని వారసుడని కాదు, అది కూడా ఇంట్లో చెప్పండి, లేకపోతే పదకొండో రోజు కాకముందే గొడవ మొదలవుతుంది.

పిల్లల గురించి చెప్పమన్నారు. అందరి పిల్లలూ సీఎస్ఈయే, ఏం చెప్పను? ఒక్కమ్మాయి ఎలక్ట్రికల్‌లో చేరింది, నాకు ఫోన్ చేసి కరెంటు ఆఫీసులో ఉద్యోగం ఎలా ఉంటుందాంటీ అంది. మీ నాన్న ఊరుకున్నాడా అని అడిగాను. సంబంధాలకోసం బయోడేటాలు గ్రూపులో పెడుతున్నారు, వద్దు, విడిగా పంపుకోండి. పిల్లలు చూస్తే మొహాలు మాడ్చుకుంటున్నారు. రిటైరై వచ్చి గోదావరి పక్కన నాలుగెకరాలు కొనుక్కుంటాం అంటున్న అమెరికావాళ్లకి ఒక మాట: ఓసీఐ కార్డు మీద వ్యవసాయ భూమి కొనడం కుదరదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. కాబట్టి మీ నాన్నగారి పొలం అమ్మేసి ప్లాట్లు కొనేముందు ఆలోచించండి.

ఇప్పుడు మీ కుర్చీల మీద ఒక కాగితం ఉంది, చాలామంది విసనకర్రగా వాడుతున్నారు. దాంట్లో గళ్లు చూడండి. ఇక్కడ మీ అమ్మానాన్నలు, అత్తమామలు ఎవరుంటే వాళ్ల పేరు, డోర్ నంబరు, ఏ అంతస్తు, లిఫ్టు ఉందా, మోటారు ఎవరు వేస్తారు, పక్కింటివాళ్ల ఫోన్ నంబరు. కింద మీ భార్య లేక భర్త నంబరు, మీది కాదు, మీది నా దగ్గరుంది. ఆఖరి గడిలో నామినీ మార్చారా లేదా, అవును కాదు అంతే, పేరు నాకక్కర్లేదు. విడిపోయినవాళ్లున్నారు, నాకు తెలుసు, మీరెవరికీ వివరం చెప్పక్కర్లేదు. రాత్రి రెండింటికి ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆ నంబరు రాయండి చాలు. హోదా గడి పెట్టలేదు. పక్కన ఖాళీ ఉంది కదా అని రాసుకుంటే రాసుకోండి, నేను చదవను.

భోజనాలు ఒంటిగంటకి అన్నారు, వండేది మనవాళ్లు కాదు కాబట్టి అవ్వచ్చు. పులస గురించి వంటవాళ్లని విసిగించకండి, ఇది డిసెంబరు. కాగితాలు నా చేతికే ఇవ్వండి. మెకానికల్ వాళ్ల చేతికి మాత్రం ఇవ్వకండి, ఇందాక ఒకడు దాంట్లో కాజా పొట్లం కట్టడం నేను చూశాను.